పద్నాలుగో సెషన్

హోల్కమ్ గారి ఈమెయిల్ చదివాక నవ్వాలో, ఫోన్ తీసి డాష్‌బోర్డుకేసి కొట్టాలో నాకు తెలియలేదు. స్కూల్ పార్కింగ్‌లో, ఇంజిన్ ఆపేసిన కార్లో కూర్చుని మూడోసారి చదివాను. ఆ మనిషి ఎంత మర్యాదగా రాశాడంటే, తిట్టుకుందామన్నా ఎక్కడా సందు దొరకలేదు.

హోల్కమ్ మా ప్రాంతపు స్పానిష్, పోర్చుగీస్ టీచర్ల సంఘానికి అధ్యక్షుడు. ఏటా అక్టోబర్‌లో ఒక శనివారం సంఘం వాళ్లు మాకందరికీ శిక్షణ పెడతారు. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా సెషన్లు, ఆ తర్వాత రెండు గంటలు పాటలు, ఆటలు, తిండి. నేను ఫ్రిస్కోలో ఒక మిడిల్ స్కూల్లో తొమ్మిదేళ్లుగా స్పానిష్ చెబుతున్నాను. ఈసారి ఒక సెషన్ నేను తీసుకుంటానని వేసవిలోనే అర్జీ పెట్టాను. దానికి జవాబు ఇది. మీ ప్రతిపాదన మాకు బాగా నచ్చింది రజినీ, కానీ పదమూడు సెషన్లూ నిండిపోయాయి. మీలాంటి వారి ప్రతిభ సాయంత్రం కార్యక్రమానికి మరింత రంగు తెస్తుందని మా కమిటీ అభిప్రాయం. ఇరవై నిమిషాలు బాలీవుడ్ డాన్స్ చేయగలరా? వీలైతే సమోసాలు కూడా.

నాకు డాన్స్ రాదు. హనుమకొండలో పుట్టినదాన్ని కాబట్టి బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగగలను, అంతే. సమోసాలంటారా, వాటిని కొనుక్కురావడం తప్ప చేయడం ఈ జన్మలో నేర్చుకోలేదు. నాకు వచ్చింది స్పానిష్. హైదరాబాద్‌లో విదేశీ భాషల యూనివర్సిటీలో ఐదేళ్లు కూర్చుని నేర్చుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్లు ఒక కంపెనీలో మెక్సికో క్లయింట్లతో రోజంతా ఫోన్లో మాట్లాడాను. పెళ్లయి ఇక్కడికొచ్చి, వర్క్ పర్మిట్ కోసం మూడేళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుని, మళ్లీ పరీక్షలు రాసి టీచర్నయ్యాను.

వేరే ఏడాదైతే నవ్వేసి ఊరుకునేదాన్ని. ఈ ఏడు కుదరదు. ఎనిమిదో తరగతి అడ్వాన్స్‌డ్ క్లాసు నాది. పిల్లలు అందులో పాసైతే హైస్కూల్ క్రెడిట్ వస్తుంది. ఆ క్లాసు మా స్కూల్లో అసలు లేకపోతే, కాళ్లు అరిగేలా తిరిగి నేనే మొదలుపెట్టించాను. మొదటి ఏడు తొమ్మిది మంది పిల్లలు, ఇప్పుడు రెండు సెక్షన్లు. ఆగస్టులో ఆరుగురు తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశారు. మా పిల్లలకి స్పానిష్‌ని నేటివ్ స్పీకర్ చెప్పాలి, ఇండియన్ టీచర్ చెబితే యాస పాడవుతుంది అని. ఆ ఆరు సంతకాల్లో నాలుగు మనవాళ్లవే. మొట్టమొదటి సంతకం అవినాష్‌ది.

అవినాష్ మా వీధిలోనే ఉంటాడు. మా ఇంట్లో బతుకమ్మకి సద్దులు రెండుసార్లు వడ్డించుకుని తిన్న మనిషి. ఉత్తరం సంగతి బయటపడ్డాక ఇండియన్ స్టోర్‌లో బెండకాయల దగ్గర ఎదురై, తప్పించుకునే దారి లేక నిలబడిపోయాడు. "పర్సనల్‌గా తీసుకోకండి రజినిగారూ. మీరంటే మాకు రెస్పెక్టే. కాకపోతే మా పాపకి ఒరిజినల్ యాక్సెంట్ రావాలని," అన్నాడు. ఈయన పొద్దున్నే ఆఫీస్ కాల్‌లో మాట్లాడే ఇంగ్లిష్ మా పెరట్లోకి వినిపిస్తుంది. దాన్ని ఎవరూ ఒరిజినల్ కాదని వెనక్కి పంపలేదు కదా అని అడగబోయాను. చుట్టూ మనవాళ్లున్నారని నోరు నొక్కుకున్నాను. ఇంటికెళ్లాక, ఎందుకు నొక్కుకున్నానా అని రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను.

ప్రిన్సిపాల్ మంచి మనిషే. నా మీద తనకేమీ అనుమానం లేదంది. కానీ తల్లిదండ్రులకి చూపించడానికి చేతిలో ఒక కాగితం కావాలంది. అక్టోబర్ శిక్షణలో టీచర్లకే పాఠం చెప్పినట్టు సంఘం నుంచి సర్టిఫికెట్ తెస్తే, ఇక ఎవరూ నోరెత్తరని చెప్పింది. తేలేకపోతే జనవరి నుంచి ఆ రెండు సెక్షన్లూ వేరేవాళ్లకి ఇవ్వాల్సి వస్తుంది. నేను ఆరో తరగతి పిల్లలకి రంగుల పేర్లు, వారాల పేర్లు చెప్పుకోవాలి. డాన్స్ చేసినందుకు కూడా సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని తెచ్చి ప్రిన్సిపాల్ చేతిలో పెడితే అవినాష్ కళ్లకి ఎంత పండగో ఊహించుకోండి.

నేను చెబుదామనుకున్న పాఠం ఏ పుస్తకంలోదీ కాదు. మా వంటింట్లో దొరికింది.

ఇక్కడి పిల్లలందరికీ స్పానిష్‌లో ఒకేచోట కాలు జారుతుంది. ఇంగ్లిష్‌లో 'ఐ లైక్' అంటారు కదా, ఆ అలవాటుతో 'యో గుస్తో' అంటారు. యో అంటే నేను. స్పానిష్‌లో అలా అనకూడదు, 'మే గుస్తా' అనాలి. పిల్లలకి ఇది చెప్పడానికి టీచర్లు బాణాలు గీస్తారు, చార్టులు అంటిస్తారు, పాటలు కడతారు. మే నెల వచ్చేసరికి పిల్లలు మళ్లీ 'యో గుస్తో' అంటారు.

మా అమ్మాయి భవితకి పదకొండేళ్లు. ఇక్కడే పుట్టింది. రెండేళ్ల కిందట మా అత్తయ్య బాలమణి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఒకరోజు పొద్దున స్టవ్ దగ్గర ఆవిడ దోశ వేస్తుంటే భవిత, "నానమ్మా, నేను దోశ ఇష్టం," అంది. ఇక్కడి మన పిల్లలు అందరూ అలాగే అంటారు. నేను ఇష్టం, నేను ఆకలి, నేను కోపం. విని విని మేం సరిదిద్దడం కూడా మానేశాం. అత్తయ్య మాత్రం గరిటె పట్టుకుని వెనక్కి తిరిగారు.

"నువ్వు దోశకు ఇష్టమో కాదో దోశనే అడగాలె బిడ్డా. నీకు దోశ ఇష్టమైతే, నాకు దోశ ఇష్టం అనాలె."

నేను లంచ్ డబ్బా మూత పెడుతూ అలాగే నిలబడిపోయాను. నాకు దోశ ఇష్టం. మే గుస్తా. నాకు తలనొప్పి. మే దుయేలే. నాకు భయం వేస్తోంది. మే దా మియెదో. స్పానిష్ మొదలుపెట్టిన రోజు నుంచీ ఈ మాటలు నాకెప్పుడూ తడబడలేదు. ఎందుకు తడబడలేదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మన తెలుగులో ఇష్టం మనం చేసే పని కాదు, అది మనకి కలుగుతుంది. స్పానిష్ వాడిదీ అదే లెక్క. అడ్డం వస్తున్నదల్లా ఇంగ్లిష్. అది అటు మా క్లాసులోనూ, ఇటు మా వంటింట్లోనూ ఒకే తప్పు చేయిస్తోంది.

మర్నాడే క్లాసులో పిల్లలతో 'నాకు ఇష్టం' అనిపించాను. స్పానిష్ పిరియడ్‌లో తెలుగేంటని నవ్వారు. నవ్వుతూనే నేర్చుకున్నారు. ఆ ఏడు మే నెలలో పరీక్ష పెడితే 'యో గుస్తో' అని రాసింది ఇద్దరే.

ఇంత విషయం చేతిలో పెట్టుకుని సమోసాల ప్లేటు పట్టుకోవాలా? కుదరదని రాస్తే ఆ ఇరవై నిమిషాలు కూడా పోతాయి. అందుకని హోల్కమ్‌కి, సంతోషంగా వస్తాను అని రాశాను. నా ప్రదర్శనకి ఒక మైకు, ఒక వైట్‌బోర్డు కావాలని చివర్లో కలిపాను. వైట్‌బోర్డు దేనికని ఆయన అడగలేదు. మా ఆయన దివాకర్ మాత్రం వదల్లేదు. స్టేజి మీద నుంచి దింపేస్తే పరువు పోతుందని, పైగా వీసా మీద ఉన్నవాళ్లం ఎవరితోనూ పెట్టుకోకూడదని పాత పాట ఎత్తుకున్నాడు. వ్యాకరణం చెప్పినందుకు దేశంలోంచి ఎవరూ పంపించరు, దింపితే దింపనీ అన్నాను.

ఆ శనివారం ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండువందల మందికి పైగా టీచర్లు చేరారు. పొద్దున హోల్కమ్ స్వాగతం చెబుతూ గంటల ఫారం గురించి వివరించాడు. మా లైసెన్సులు రెన్యూ కావాలంటే ఏటా ఇన్ని శిక్షణ గంటలు చూపించాలి. అందుకని ప్రతి టీచరూ రోజు చివర్లో ఒక ఫారం నింపుతారు. ఏ సెషన్, ఎవరు చెప్పారు, ఏం నేర్చుకున్నారు, రేపు క్లాసులో ఏం చేస్తారు. ఒక సెషన్‌లో ఫలానాది నేర్చుకున్నామని కనీసం ఇరవై మంది రాస్తేనే దాన్ని సంఘం సెషన్‌గా లెక్కలోకి తీసుకుంటుంది. ఈ నియమం తనే పెట్టానని, ఊరికే వచ్చి కాఫీ తాగి పోకుండా ఉండడానికని చెప్పి ఆయన నవ్వాడు.

పదో నంబరు సెషన్‌కి వెళ్లి కూర్చున్నాను. విషయం అదే, 'మే గుస్తా' ఎలా చెప్పాలి. ఆయనెవరో నలభై ఐదు నిమిషాలు బాణాలు గీశాడు. నా పక్కన డెబ్భై దాటిన ఒకావిడ కూర్చుని అల్లిక అల్లుకుంటోంది. పేరు ఇర్మా త్రెవిన్యో. నలభై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైంది. ఏమీ తోచక, సెలవు పెట్టిన టీచర్ల బదులు సబ్‌స్టిట్యూట్‌గా వెళుతోందట. ఆవిడతో స్పానిష్‌లో మాట కలిపాను. నా స్పానిష్ ఎక్కడిదని అడిగితే హైదరాబాద్‌దని చెప్పాను. ఆవిడ తలెత్తకుండానే, తన చిన్నప్పుడు బడిలో స్పానిష్ మాట్లాడితే బెత్తంతో కొట్టేవారని, ఇప్పుడు అదే స్పానిష్‌కి నేటివ్ స్పీకర్ కావాలని పేపర్లో ప్రకటన వేస్తున్నారని అంది. ఆ తర్వాత మళ్లీ కుట్లు లెక్కపెట్టుకుంది.

సాయంత్రం నాలుగుంపావుకి నా వంతు వచ్చింది. గద్వాల చీర కట్టుకుని వెళ్లాను. ఎవరో కుర్తా వేసుకున్నాయన హిందీ పాట పెట్టాడు. చప్పట్లు మొదలయ్యాయి. పాట ఆపమని చేయి చూపించాను. ఏదో సాంకేతిక లోపం అనుకుని అందరూ స్పీకర్ల వైపు చూశారు. వైట్‌బోర్డు ముందుకి లాక్కుని స్పానిష్‌లో మొదలుపెట్టాను.

నాకు డాన్స్ రాదన్నాను. నేను మీలాగే టీచర్ని, పాఠం చెప్పడానికి వచ్చాను, ఇరవై నిమిషాలు ఇచ్చారు కాబట్టి ఇరవై నిమిషాలే తీసుకుంటాను అన్నాను. ముందు వరుసలో హోల్కమ్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం పోయింది. నేను ఆయన వైపు చూడడం మానేశాను.

హాలు మొత్తంతో తెలుగు చెప్పించాను. నాకు. మామిడి. ఇష్టం. రెండువందల మంది 'మామిడి' అనలేక 'మమీడీ' అన్నారు. మూడోసారికి కుదిరింది. ఇప్పుడు ఈ వాక్యంలో మీరు ఏం పని చేశారు అని అడిగాను. ఎవరో, ఏమీ చేయలేదు అన్నారు. అవును, మీరు ఊరికే కూర్చున్నారు, ఇష్టమే మీ దగ్గరికి వచ్చింది అన్నాను. భయం వస్తుంది, కోపం వస్తుంది, నొప్పి వస్తుంది, మీరు కూర్చునే ఉంటారు. ఇప్పుడు ఇదే స్పానిష్‌లో అనండి. అన్నారు. మీ పిల్లలకి బాణాలు గీయకండి, ఇంగ్లిష్ కాని ఒక భాషని రెండు నిమిషాలు నోట్లో పెట్టండి, ఆ తర్వాత స్పానిష్ వింతగా ఉండదు అన్నాను. నా పిల్లల పరీక్షల అంకెలు బోర్డు మీద రాశాను. అంతా ఇలాగే కలుస్తుందని కోతలు కోయడం నాకు నచ్చదు కాబట్టి, ఆకలి దగ్గర మాత్రం స్పానిష్ 'నాకు' అనకుండా 'నేను ఆకలి కలిగి ఉన్నాను' అంటుందని, అక్కడ తెలుగు సాయం చేయదని కూడా చెప్పాను.

వెనక నుంచి ఒక బ్రెజిల్ టీచర్ లేచి నిలబడింది. పోర్చుగీస్‌లో 'ఎవు గోస్తు' అంటామని, అంటే 'నేను' అనే మొదలుపెడతామని, మరి తనలాంటి వాళ్లకి ఈ పాఠం ఎందుకని అడిగింది. ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఎవరూ అడక్కపోతే బాధపడేదాన్ని.

మీకు ఇంకొకటి తెచ్చాను అని బోర్డు మీద నాలుగు పోర్చుగీస్ మాటలు రాసి, పక్కన మన మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాను. బాల్జి, బాల్చీ. తొవాల్య, తువ్వాలు. మెస్త్రి, మేస్త్రీ. అననాస్, అనాస. పోర్చుగీస్ పడవలు మా తీరాల వైపు వచ్చి ఐదువందల ఏళ్లు దాటింది, పడవలు వెళ్లిపోయాయి, ఈ మాటలు మా ఇళ్లలో ఉండిపోయాయి అన్నాను. మా అత్తయ్యకి పోర్చుగల్ ఎక్కడుందో తెలియదు, కానీ రోజూ మీ మాట పట్టుకునే స్నానానికి వెళ్లి, మీ మాటతోనే ఒళ్లు తుడుచుకుంటారు. బ్రెజిల్ టీచరు పడీ పడీ నవ్వింది. ఫోన్ తీసి బోర్డు ఫోటో తీసుకుంది. నాలుగున్నర దాటి ఐదు నిమిషాలైంది. నమస్కారం పెట్టి దిగిపోయాను. చప్పట్లు గట్టిగానే వినిపించాయి. అయితే చప్పట్లకి సర్టిఫికెట్ ఇవ్వరు.

హోల్కమ్ మెట్ల దగ్గరే ఉన్నాడు. గొంతు పెంచే మనిషి కాదు. చాలా ఆసక్తిగా ఉందని, కానీ తాము అడిగింది ఇది కాదని, కార్యక్రమంలో సాంస్కృతిక ప్రదర్శన అని అచ్చయింది కాబట్టి సర్టిఫికెట్ కూడా అలాగే ఇవ్వగలనని చెప్పాడు. సెషన్లు పదమూడేనట. ఇంకొకటి కలిపే వీలు లేదట. స్కూల్లో తల్లిదండ్రుల ఉత్తరం, ప్రిన్సిపాల్ అడిగిన కాగితం సంగతి చెప్పినా అదే మాట.

"మీరు ఇక్కడే, లబక్‌లో పుట్టారు, స్పానిష్ కాలేజీలో నేర్చుకున్నారు," అన్నాను. "మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా స్టేజి ఎక్కి కౌబాయ్ డాన్స్ చేయమన్నారా?"

ఆయన ఎర్రబడ్డాడు. జవాబు చెప్పేలోపు తలుపు దగ్గర బల్ల చుట్టూ గోల మొదలైంది. ఫారాలు తీసుకుంటున్న అమ్మాయి అయోమయంగా ఒక ఫారం ఎత్తి చూపిస్తోంది. దాని ముందు ఇర్మా, అల్లిక సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. సెషన్ నంబరు దగ్గర పద్నాలుగు అని రాసింది. చెప్పినవారు రజిని. ఏం నేర్చుకున్నారు అన్నచోట, నలభై ఏళ్లు నేను తప్పు చెప్పాను అని రాసింది. పద్నాలుగో సెషన్ లేదు మేడమ్ అని ఆ అమ్మాయి అంటే, నేను కూర్చుని విన్నది లేదంటావేంటి అని ఇర్మా అడుగుతోంది. వెనక వరుసలో ఉన్నవాళ్లు అది విని, తమ ఫారాలు వెనక్కి తీసుకుని పెన్నులు తీశారు. బ్రెజిల్ టీచరు గోడకి ఆనించి రాసింది. బాణాలు గీసినాయన కూడా రాశాడు, అది మాత్రం నేను అనుకోలేదు.

ఇరవై కావాలి. ఆ అమ్మాయి లెక్కపెడుతూ ఎనభై ఒకటి దగ్గర ఆపేసింది, ఇంకా వస్తూనే ఉన్నాయి. హోల్కమ్ అవన్నీ చేతిలోకి తీసుకుని నాలుగైదు తిరగేశాడు. నియమం ఆయన పెట్టిందే. ఫారాలు సర్ది బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, పాఠం చెప్పినవాళ్లు నింపే కాగితం ఒకటి నా ముందుకి జరిపాడు. ఇది నింపితే తను సంతకం చేసి ముద్ర వేస్తానని, సోమవారం మీ ప్రిన్సిపాల్‌కి ఇచ్చుకోవచ్చని అన్నాడు.

పేరు రాశాను. స్కూలు రాశాను. పాఠం పేరు రాశాను. కింద మాతృభాష అని ఉంది. మూడే గడులు, స్పానిష్, పోర్చుగీస్, ఇంగ్లిష్. పెన్ను అక్కడ ఆగింది. హోల్కమ్ అది గమనించాడు. ముందుకి వంగి, ఎవరికీ వినపడకుండా, నిజంగా నా మేలు కోరే చెప్పాడు. ఆ గడి తప్పనిసరి కాదు, ఖాళీగా వదిలేయండి, మీ స్కూలు పిల్లల తల్లిదండ్రులు గొడవ చేసేది దాని గురించే కదా, కాగితం మీద లేకపోతే వాళ్లకి దొరికేది ఏమీ ఉండదు అన్నాడు.

మంచి సలహానే. దివాకర్ ఉంటే అదే చెప్పేవాడు. అవినాష్ తన కాగితం మీద అదే చేసేవాడు.

మూడు గడుల పక్కన నాలుగో గడి నేనే గీశాను. స్కేలు లేదు, కొంచెం వంకరగా వచ్చింది. అందులో టిక్కు పెట్టి, దాని ముందు తెలుగు అని తెలుగు అక్షరాల్లో రాసి, కాగితం ఆయన వైపు తిప్పాను.

"ఇదేమిటో నేను చదవలేనే," అన్నాడు.

"నేర్పిస్తాను, ఒక్క నిమిషం పడుతుంది," అని ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.